బుగ్గ క్యాన్సర్: పుండు కనపడ్డ రోజు నుంచి 33వ కరెంట్ దాకా నా అనుభవం

నాది మిర్యాలగూడ. మోటార్ వైండింగ్ షాపు ఉంది, 22 ఏండ్ల నుంచి అదే పని. వయసు 45. కుడి బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్, రేడియేషన్ (మా దిక్కు కరెంట్ అంటం), కీమో మూడూ అయినయ్, ఆపరేషన్ అయ్యి ఇప్పటికి ఏడాది దాటింది. రిపోర్ట్ చేతికొచ్చిన రాత్రి నేను ఫోన్‌ల ఎంత వెతికినా లక్షణాలు, కారణాలు అవే వచ్చినయ్ గానీ, రేపు పొద్దున లేసి ఎక్కడికి పోవాలె, ఎన్ని రోజులు పడతది, చేతిల ఎంత పెట్టుకోవాలె అన్నది ఎవ్వరూ రాయలే. అందుకే తారీఖులతో రాస్తున్న. ఈ తారీఖులు నాకు గుర్తుండి రాస్తున్నయి కావు, షాపు గోడకున్న క్యాలెండర్ మీద మా ఇంటామె రాసి పెట్టినయ్.

దాచుకునేదేం లేదు, 20 ఏండ్లు తంబాకు నమిలిన. నాట్ల సీజన్‌ల రాత్రి రెండింటి దాకా కాయిల్ చుట్టాలె, తెల్లారేసరికి రైతు ఆటో తీస్కొని వచ్చి నిలబడతడు, నిద్ర రాకుండా కుడి దవడల ఒక చిటికెడు పెట్టుకునుడు అలవాటైంది. తర్వాత గుట్కా. 2024 మే నెలల తెలంగాణల గుట్కా మీద మళ్లీ బ్యాన్ పెట్టిన్రు, జూన్‌ల కూడా నాకు పాన్‌డబ్బాల చక్కగ దొరికింది, రేటు పెంచి ఇచ్చిన్రు అంతే. నిజానికి రెండేండ్ల ముందు నుంచే కూరల కారం పడితే బుగ్గ భగ్గుమనేది, మిరపకాయ బజ్జీ నోట్లె పట్టకపోయేది, మా ఊర్ల పెద్ద సైజు చేస్తున్రు అనుకునేటోన్ని. బజ్జీ పెద్దగ కాలే, నా నోరే చిన్నగైంది.

జూన్ మూడో వారంల పుండు కనపడ్డది. వేలు పెడితే గట్టిగ, అంచులు లేసినట్టు, నొప్పి మాత్రం పెద్దగ లేదు. నొప్పి లేకపోవుడే నన్ను ముంచింది. ఆర్ఎంపీ డాక్టర్ బీ కాంప్లెక్స్ గోలీలు, పూసుకునే జెల్ ఇచ్చిండు, మూడు వారాలు వాడిన. జూలై మిగిలిన రోజులన్నీ మెడికల్ షాపుల వేరే జెల్. ఆగస్టు 10 నాడు ఒక పండ్ల డాక్టర్ దగ్గరికి పోతే పన్ను గీరుకుంటున్నది అని అంచు అరగదీసిండు, 600 తీసుకున్నడు, నెలైనంక రమ్మన్నడు. సెప్టెంబర్ 21 నాడు నల్గొండల ఇంకో డాక్టరమ్మ, చిన్న వయసు, నోరు తెరువుమని చూసి ఒక్క నిమిషం ఏం మాట్లాడలే, తర్వాత చేతి వేళ్లు మూడు నిలువుగ పెట్టుకోమన్నది. నాకు రెండు కూడా సరిగ్గ పోలే. "అన్నా, రెండు మూడు వారాల్ల మానని పుండుకు గోలీలు ఉండవు, ముక్క పరీక్షే" అన్నది. ఆ బిడ్డ దగ్గరికి జూన్‌లనే పోయి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తది.

సెప్టెంబర్ 26 ముక్క తీసిన్రు, 1,800 అయింది, ఐదు నిమిషాల పని. రిపోర్ట్ వారం పట్టింది, అక్టోబర్ 3. బతుకమ్మ మొదలైన రెండో రోజు. స్క్వామస్ సెల్ కార్సినోమా అని ఉంది, నాకు ఆ చివరి మాట ఒక్కటి అర్థమైంది, క్యాన్సర్ అని. షాపుకు పోయి షట్టర్ సగం దించుకొని కూసున్న, పొద్దున విప్పిన త్రీ హెచ్‌పీ మోటార్ ముందు పడుంది, ఆ రోజు దాన్ని ఎందుకో పూర్తిగ చుట్టిన, ఒక్క టర్న్ కూడా తప్పలే. రాత్రికి ఇంట్ల చెప్పిన. మా ఇంటామె ఏడవలే, జేబుల ఉన్న పొట్లం తీసి పొయ్యిల వేసింది. నేను ఆ రోజు నుంచి ముట్టలే. మానుడు మస్తు కష్టం అంటరు గానీ భయం ముందు అదేం పెద్ద కష్టం అనిపించలే నాకు.

అక్టోబర్ 5 శనివారం హైదరాబాద్. ముందు ఒక కార్పొరేట్ ఆస్పత్రికి పోయినం, మా బామ్మర్దికి తెలిసినోళ్లు ఉన్నరని. అన్నీ కలిపి 6 లక్షల 80 వేలు అని కాయితం మీద రాసిచ్చిన్రు, రేడియేషన్ వేరే. షాపు అమ్మితే వస్తది. పక్క సీట్ల కూసున్న ఖమ్మం పెద్దాయన, ఆయన భార్యకు నాలుక, మెల్లగ అడిగిండు, "తెల్ల కార్డు ఉందా తమ్మీ, ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగింది గదా, ఎందుకు కడతవ్". 2023 డిసెంబర్‌ల పెంచిన్రు, నాకు ఆ సంగతి పేపర్ల చూసినట్టు గుర్తుంది గానీ నాకోసమని ఎప్పుడూ అనుకోలే. సోమవారం ఆరోగ్యశ్రీ ఉన్న ఇంకో ఆస్పత్రికి పోయినం. కౌంటర్ పక్కన ఆరోగ్యమిత్ర అని ఒకాయన ఉంటడు, ముందు ఆయన్ని పట్టుకోండి, డాక్టర్‌ని తర్వాత. రేషన్ కార్డు, ఆధార్, ముక్క రిపోర్ట్ మూడు జిరాక్సులు పట్టుకపోండి. నా రేషన్ కార్డుల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు ఉంది, ఒక్క అక్షరం తేడా, దానికే రెండు రోజులు పోయినయ్. మీయి ఇయ్యాలే తీసి చూసుకోండి, జబ్బు లేకున్నా సరే.

అక్టోబర్ 9 నోటికి, మెడకు ఎంఆర్ఐ, ఛాతీకి సీటీ. కార్డు అప్రూవల్ రాకముందు చేసినయి కాబట్టి 8,200 మేమే కట్టినం. దసరాకు ఆస్పత్రి సగం ఖాళీ. 14వ తారీఖు బోర్డు కూసున్నరు, అంటే సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ ఒక్క రూంల మన ఫైల్ చూస్తరు. బుగ్గ మీది గడ్డ 3 సెంటీమీటర్ల పైన, మెడల ఒక గ్రంథి ఉబ్బింది, మూడో స్టేజీ అన్నరు. నోటి క్యాన్సర్‌కు ముందు కత్తి, తర్వాత కరెంట్, అవసరమైతే కీమో, అదే వరస అని సర్జన్ సారు చెప్పిండు. నేను గొంతు లోపల క్యాన్సర్ ఉన్న ఒకాయన్ని చూసిన, ఆయనకు ఆపరేషనే లేదు, స్వరపేటిక ఉంచాలని కీమో రేడియేషన్ రెండూ కలిపి ఇస్తున్నరు. చూసెటోళ్లకు అన్నీ తల మెడ క్యాన్సర్లే గానీ ఎక్కడ వచ్చింది అన్నదాన్ని బట్టి దారే వేరే ఉంటది, కాబట్టి వార్డుల పక్కోనికి చేసింది నాకెందుకు చెయ్యలే అని కొట్లాడకండి, నేను కొట్లాడి సిగ్గుపడ్డ.

ఈ ఆస్పత్రికే వచ్చిన ఆ ఖమ్మం పెద్దాయన భార్యకు నాలుక మీద చిన్నది, మెడల గడ్డ కూడా లేదు, మరి మెడ ఎందుకు కోస్తరు అని ఆయన అడిగితే సర్జన్ సారు ఓపికగ కూసోబెట్టి చెప్పిండు. ముంబై టాటా ఆస్పత్రోళ్లు ఇట్లాంటి చిన్న క్యాన్సర్ ఉన్నోళ్లను రెండు గుంపులు చేసి చూసిన్రట, 2015ల అచ్చయింది, మొదటి ఆపరేషన్‌లనే మెడ గ్రంథులు కూడా తీసినోళ్లు మూడేండ్లకు నూటికి 80 మంది బతికి ఉన్నరు, గడ్డ వచ్చినంక తీద్దాం అని ఆగినోళ్లు 67 మందే. "ఆగితే ఏమైతది అన్న లెక్క మన దేశంలనే తేలింది, ఇప్పుడు అంతటా అదే చేస్తున్నరు" అన్నడు. పెద్దాయన ఆడికాడనే సంతకం పెట్టిండు. నాకూ ఆ మాట పట్టుకుంది, అప్పటి నుంచి నేను రోజులు లెక్కబెట్టుడు మొదలుపెట్టిన.

ఇగ చెయ్యి సంగతి. బుగ్గ లోపల కోసినంక ఆ గుంతకు వేరే దగ్గరి నుంచి చర్మం తెచ్చి కుట్టాలె. ఛాతీ నుంచి తెస్తే మందంగ ఉంటది, నోరు నిండినట్టయితది, ముంజేతి చర్మం పల్సగ ఉంటది, బుగ్గకు బాగుంటది అన్నడు ప్లాస్టిక్ సర్జన్. రక్తనాళంతో సహా తీసి మెడల నాళానికి కలుపుతరట. మాములుగ ఎడమ చెయ్యి తీస్తం, మీరు కుడి చేతి వాటమే గదా అన్నడు. అందరికీ అది సులువుగ అనేసే ముచ్చట. నాకు కాదు. కాయిల్ చుట్టేటప్పుడు కుడి చెయ్యి హ్యాండిల్ తిప్పుతది, అది ఎవడైనా తిప్పుతడు, తీగ ఎంత బిగువుల పోతుందో చెప్పేది ఎడమ బొటనవేలు చూపుడువేలు. బిగువు ఎక్కువైతే తీగ సాగుతది, తక్కువైతే స్లాట్ల కూసోదు. సారుకు ఇది చెప్పిన, ఆయన నవ్వలే, నా రెండు చేతుల నాడులు ఒత్తి పట్టి పిడికిలి బిగించి వదలమన్నడు, ఒక నాళం తీసేసినా చేతికి రక్తం అందుతదా అని చూసే పరీక్ష అది. రెండు చేతులూ పనికొస్తయ్ అన్నడు, బొటనవేలు వెనకాల కొంచెం తిమ్మిరి ఉండిపోవచ్చు అని కూడా చెప్పిండు. రాత్రంతా ఆలోచించి ఎడమదే తీయమన్న. కుడి చేత్తోని అన్నం తినాలె గదా.

అక్టోబర్ 28 ఆపరేషన్ అన్నరు, అడ్మిట్ అయిన, పొద్దున షుగర్ 268 వచ్చింది. నాకు షుగర్ ఉన్నదే తెల్వదు. వెనక్కి పంపిన్రు, ఇన్సులిన్ రాసిచ్చిన్రు. దీపావళి ఇంట్లనే, మా బిడ్డ పటాకులు వద్దన్నది, నేనే తెచ్చిన.

నవంబర్ 6 బుధవారం, పొద్దున 8 గంటలకు లోపలికి తీస్కపోయిన్రు, సాయంత్రం ఐదున్నరకు బయటికి. బుగ్గ, కింది దవడ ఎముక పై అంచు, కుడి వైపు పండ్లు, మెడ గ్రంథులు తీసిన్రు. తెలివొచ్చేసరికి గొంతుల పైపు, ముక్కుల పైపు, మెడకు రెండు డ్రెయిన్ సీసాలు, చేతికి కట్టు, చేతి మీద పెట్టనీకి తొడ మీద చర్మం గీసుకున్నరు అక్కడ కట్టు. అన్నిట్లకంటే మంట ఎక్కువ ఆ తొడదే, ఇది ఎవ్వరూ ముందుగ చెప్పలే. మాట రాదు. మా బామ్మర్ది పలక, బలపం తెచ్చిండు, నేను మొదట రాసింది "నీళ్లు", రెండోది "షాపు తాళం".

మొదటి రెండు రోజులు గంటకోసారి నర్సమ్మ వచ్చి నోట్లె లైటేసి చూసేది, కుట్టిన చర్మం రంగు మారిందా అని, తర్వాత చిన్న డబ్బా లాంటిది మెడ మీద పెట్టేది, దాంట్లకెళ్లి ఫస్ ఫస్ అని చప్పుడు వచ్చేది. రక్తం పారే చప్పుడట. సబ్‌మెర్సిబుల్ మంచిగ నీళ్లు ఎత్తుతుంటే పైపుకు చెవి పెడితే ఎట్ల వినపడతదో అట్లనే ఉంది, అది వినపడ్డన్ని రోజులు నాకు ధైర్యం. ఆరో రోజు గొంతు పైపు తీసిన్రు. ప, బ, మ అక్షరాలు సరిగ్గ రాకపోయేది, మా అమ్మ ఫోన్ చేస్తే "అమ్మా" అన్ననని నేననుకున్న, ఆమెకు "అన్నా" అని వినపడ్డదట. నవంబర్ 16 డిశ్చార్జ్, ముక్కు పైపుతోనే. పైపుల పాలు, జావ, గుడ్డు కొట్టి వడగట్టినయ్, 50 ఎంఎల్ సిరంజితో రెండు గంటలకోసారి 200. వడగట్టకుంటే పైపు జామ్ అయితది, మాకు అయింది, రాత్రి పదకొండింటికి ఆటోల పోయి మార్పించుకున్నం.

నవంబర్ 20 పెద్ద రిపోర్ట్ వచ్చింది. అంచులు క్లియర్, లోతు 12 మిల్లీమీటర్లు, 34 గ్రంథుల్ల ఒక్కదాంట్లనే క్యాన్సర్, కానీ అది గ్రంథి తొక్క పగలగొట్టుకొని బయటికొచ్చింది. ఆ ఒక్క వాక్యంతోని మూడో స్టేజీ కాస్తా నాలుగు ఏ అయింది. మా బామ్మర్ది మొహం చూసిన, ఆయన కారిడార్‌లకు పోయి ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడ్డడు, ఫోన్ మాత్రం చెవికి తిరగేసి పెట్టుకున్నడు. నాలుగు అంటే లాస్ట్ స్టేజీ అని మనకు సినిమాలు నేర్పినయ్ గదా. సర్జన్ సారు కాయితం మీద గీసి చెప్పిండు, నోటి క్యాన్సర్‌ల నాలుగుకు ఏ, బీ, సీ ఉంటయ్, సీ అంటే ఊపిరితిత్తులకో ఎముకకో పాకింది, ఏ అంటే ఇంకా నయం చేయడానికే చూసేది, మన దగ్గర ఆస్పత్రికి వచ్చేటోళ్లల్ల ఎక్కువ మంది మూడు, నాలుగులనే వస్తరు. నేను సూటిగ అడిగిన, నూటికి ఎంతమంది సార్ అని. ఆయన దాచలే. మొదట్ల పట్టుకుంటే నూటికి 80 దగ్గర ఐదేండ్లు దాటుతరు, మెడ గ్రంథికి ఒక్కదానికి వచ్చిందంటే ఆ చాన్స్ సుమారు సగమైతది, తొక్క దాటితే ఇంకా తగ్గుతది, అందుకే కరెంట్‌తో పాటు కీమో కూడా కలుపుతున్నం అన్నడు. ఫోన్‌ల అమెరికా లెక్కలు చూసి సంబరపడకు, బాధపడకు, అక్కడ టాన్సిల్ దగ్గర వైరస్‌తోని వచ్చే రకం ఎక్కువ, దానికి మందు బాగ పనిచేస్తది కాబట్టి వాళ్ల అంకెలు పెరిగినయ్, నీది తంబాకుది అని కూడా అన్నడు. గట్టిగ తగిలింది గానీ నిజం చెప్పిండు అనిపించింది. మళ్లా వస్తే ఎక్కువ శాతం మొదటి రెండేండ్లల్లనే వస్తది అన్న మాట కూడా అప్పుడే.

ఇక్కడ అసలు ముచ్చట. ఆపరేషన్ అయినంక ఆరు వారాల్లోపు కరెంట్ మొదలు కావాలె, ఆపరేషన్ రోజు నుంచి చివరి కరెంట్ దాకా 11 వారాల్ల అయిపోతే మంచిది, 13 దాటితే చేసినదాని బలం తగ్గుతది. ఇది రేడియేషన్ మేడం చెప్పింది. ఇంటికి పోయి క్యాలెండర్ మీద డిసెంబర్ 18 దగ్గర ఎర్ర గీత గీసినం. ఆ గీత లేకుంటే నేను కచ్చితంగ సంక్రాంతి అయినంక చూద్దాం అనేటోన్ని, ఎందుకంటే పైపు తీసిన్రు, జావ తాగుతున్న, మంచిగైనట్టే అనిపిస్తది ఆ టైంల. ఊర్ల సగం మంది అట్లనే ఆపేస్తరు, నాకు తెలిసినోళ్లల్లనే ఇద్దరు.

గీత దాకా పోవాలంటే మధ్యల ఒక తప్పు దాటాల్సి వచ్చింది. కరెంట్ పెట్టే ముందు చెడ్డ పండ్లు పీకాలె, తర్వాత పీకితే దవడ ఎముక మానదు. ఎడమ వైపు రెండు దవడ పండ్లు పుచ్చి ఉన్నయ్, ఆపరేషన్ టేబుల్ మీదనే పీకాల్సింది, ఎవరి ఫైల్‌ల ఎవరు రాయలేదో గానీ మర్చిపోయిన్రు. నవంబర్ 25 నాడు మళ్లా పండ్ల విభాగానికి పంపిన్రు, అరకొరగ తెరుసుకునే నోట్లె రెండు పండ్లు పీకుడు అంటే ఆ పీకెటాయనకు కూడా చెమటలే. అవి మానేదాకా పది రోజులు ఆగాలె. ఆపరేషన్‌కు ముందే మీరు నోరు తెరిచి అడగండి, "సార్ ఈ పండ్లు కూడానా" అని.

డిసెంబర్ 4 మాస్క్. వేడి నీళ్లల్ల మెత్తగ చేసిన ప్లాస్టిక్ జాలి మొహం మీద పరిచి ఒత్తుతరు, చల్లారితే మొహం లెక్కనే గట్టిపడతది, దాన్ని బల్లకు బిగిస్తరు. వెచ్చటి గోధుమ రొట్టె మొహం మీద వేసినట్టుంటది. మీసాలు, గడ్డం ముందే తీసుకొని పోండి. మాస్క్ చేసినంక ప్లానింగ్‌కు పది పన్నెండు రోజులు పట్టింది. డిసెంబర్ 16 సోమవారం మొదటి సిట్టింగ్. 40వ రోజు. గీతకు రెండు రోజులు ముందు.

మా దిక్కు రేడియేషన్‌ను కరెంట్ పెట్టుడు అంటరు. పొద్దున లేస్తే కరెంట్‌తోని పని చేసేటోన్ని, రెండుసార్లు షాక్ కొట్టి కింద పడ్డోన్ని, కాబట్టి నాకు ఆ మాటకే చెయ్యి వణికింది. లోపల ఏం తెల్వదు. పది పదిహేను నిమిషాలు, మిషన్ చుట్టూ తిరుగుతది, జూ అని చప్పుడు. మొత్తం డోసు 66 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), 33 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. ఆస్పత్రి దగ్గర రూం 400 రోజుకు, వంట చేసుకోవచ్చు. మొదటి రోజే కీమో కూడా, సిస్ప్లాటిన్, మూడు వారాలకోసారి పెద్ద డోసు. కీమో కంటే దాని ముందు వెనక ఎక్కించే సెలైన్‌కే పొద్దంతా పోతది, కిడ్నీలు కాపాడుకోనీకి. ఎక్కించే ముందు చెవుల పరీక్ష చేసిన్రు, ఎందుకో అప్పుడు అడగలే.

రెండో వారంల రుచి పోయింది, టీ వేడి నీళ్లు లెక్కనే. మూడో వారంల నోరంతా పుండ్లు, ఉమ్మి బంకలెక్క తీగలు తీగలు. ఒక వింత చెప్పాలె, ముంజేతి చర్మం గదా, క్రిస్మస్ నాటికి బుగ్గ లోపల వెంట్రుకలు మొలిచినయ్. నాలుకకు తగులుతుంటే ఏం కర్మరా అనిపించింది, మేడంకు చెప్తే నవ్వి కరెంట్‌కు అవే రాలిపోతయ్ అన్నది, జనవరి రెండో వారానికి పోయినయ్. ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్లు రోజుకు పదిసార్లు పుక్కిలించుడు, మింగేముందు నొప్పి మందు. జనవరి 8కి 71 కిలోల నుంచి 61కి వచ్చిన, మళ్లా ముక్కు పైపు వెయ్యాలన్నరు, నేను వద్దని మూడు రోజులు మొండికేసిన. ఆ మూడు రోజుల్ల ఇంకో రెండు కిలోలు పోయినయ్. వెయ్యమన్నప్పుడే వేయించుకోండి, మాస్క్ కూడా వదులైతది లేకపోతే. మార్ఫిన్ గోలీ రాస్తే అలవాటైతదేమో అని భయపడ్డ, నొప్పి తగ్గినంక మేడమే మెల్లగ ఆపించింది, ఏం కాలే.

కీమో రెండోది జనవరి 7. ఆ తర్వాత చెవుల్ల సన్నగ కీ.. అని మోత మొదలైంది, రాత్రి ఎక్కువ. మూడోది జనవరి 28న ఉండె, రక్తంల క్రియాటినిన్ (కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పేది) పెరిగిందని ఆపిన్రు. సగంల ఆపితే ఎట్ల అని నాకు గుబులు, రెండు పెద్ద డోసులు పడ్డయ్ కాబట్టి సరిపోతది అన్నడు కీమో సారు. పక్క బెడ్ల ఒక ముసలాయనకు కిడ్నీ మొదట్నుంచే బాలేదని సిస్ప్లాటిన్ ఇవ్వకుండ వారానికోసారి డోసిటాక్సెల్ అనే వేరే కీమో మందు ఇచ్చిన్రు. ఇంకొకాయన, వరంగల్, మళ్లా తిరగబెట్టింది ఆయనకు, ఇమ్యూనోథెరపీ (క్యాన్సర్ మీద కొట్లాడనీకి ఒంట్ల రోగనిరోధక శక్తిని లేపే మందు) లక్షల్ల అయితదని ఇంటికి పోదామనుకుంటే అదే మందు 20 మిల్లీగ్రాముల చిన్న డోసు మూడు వారాలకోసారి, గోలీలతో పాటు, ఇస్తున్నరు, మామూలు డోసు 240. అది కూడా టాటాల చేసిన పరీక్షేనట, 2023ల వచ్చింది, ఏడాదికి బతికి ఉన్నోళ్లు నూటికి 16 నుంచి 43 అయిన్రట. ఆయన ఆ అంకె అందరికీ చెప్పేటోడు, "నేను 43ల ఒకన్ని" అనేటోడు.

క్రిస్మస్, జనవరి 1, సంక్రాంతి సెలవులు. జనవరి 16, 17 మిషన్ పాడైంది. నా పని మిషన్లు బాగుచేసుడే గదా, ఆ వరండాల కూసొని ఇంకెవడో రిపేర్ చేస్తుంటే చూసుడంత నరకం లేదు. నేను రోజులు లెక్క చెప్పి అడిగితే శనివారం ఒకటి ఎక్స్‌ట్రా పెట్టిన్రు. అడిగినోళ్లకే పెట్టిన్రు. ఫిబ్రవరి 4 మంగళవారం 33వది. ఆపరేషన్ నుంచి 90వ రోజు. 11 వారాలు దాటింది, 13కు ఒక్క రోజు తక్కువ. నా మాస్క్ నాకిచ్చిన్రు, ఏం చేస్కోవాలె దాన్ని, మా బిడ్డ పదో తరగతి చదువుతది, భయంగ ఉంది నాన్నా అంటే అటక మీద పెట్టిన.

అయిపోయింది అనుకున్న, తర్వాతి రెండు వారాలే అన్నిట్ల పెద్ద నరకం. మెడ చర్మం నల్లగైంది, ఊడొచ్చింది. మార్చి మొదటి వారం పైపు తీసిన్రు. బరువు 57. ఏప్రిల్ 14న షాపు తెరిచిన, రోజుకు మూడు గంటలు.

డబ్బు లెక్క. ఆపరేషన్, కరెంట్, కీమో కార్డు మీదనే. మా చేతిలకెళ్లి పోయింది నోట్‌బుక్‌ల 2 లక్షల 35 వేలు. దాంట్ల రూం, తిండి 48 వేలు, ముందు చేయించిన పరీక్షలు, బయట కొన్న మందులు, ప్రొటీన్ పౌడర్ అన్నీ కలిపి 82 వేలు, బండి ఖర్చు 30 వేల దాకా, మిగిలింది అప్పుకు మిత్తి, ఇంటి ఖర్చు. షాపు మూతపడ్డ ఐదు నెలలు ఇందుల లేదు.

మే 6న పెట్ స్కాన్, చివరి కరెంట్ నుంచి మూడు నెలలకు. ఏం లేదు. అప్పటి నుంచి రెండు నెలలకోసారి సారు వేలు పెట్టి చూస్తడు, మెడ తడుముతడు. నవంబర్‌ల థైరాయిడ్ పడిపోయింది, మెడకు కరెంట్ పెడితే అది మామూలేనట, పొద్దున ఒక గోలీ. నోరు మాత్రం రోజూ కొట్లాటే. ఐస్‌క్రీమ్ పుల్లలు పండ్ల మధ్యల ఒక్కోటి దూర్చాలె, రోజుకు ఐదుసార్లు. మార్చిల 9 పుల్లలు పట్టేది, ఇప్పుడు 15. వారం రోజులు బద్ధకిస్తే రెండు పుల్లలు వెనక్కి. మా ఇంటామె నా అన్నానికి ఒక కత్తెర వేరే పెట్టింది, కూర ముక్కలు దానితోనే కత్తిరిస్తది, మొన్న భోగికి బజ్జీ కూడా నిలువుగ నాలుగు ముక్కలు చేసి ఇచ్చింది, కారం లేకుండా శనగపిండి మాత్రమే అన్నట్టు, అయినా తిన్న.

ఎడమ బొటనవేలు వెనకాల తిమ్మిరి అట్లనే ఉంది, చలికి ఎక్కువైతది, కానీ తీగ పట్టుకునే దిక్కు బాగనే తెలుస్తుంది, రోజుకు రెండు మోటార్లు చుట్టగలుగుతున్న. చెవులే మోసం చేసినయ్. బేరింగ్ పోతున్నదంటే స్టార్ట్ చెయ్యంగనే సన్నటి కీచు వినపడేది నాకు, రోడ్డు అవతల ఉండి చెప్పేటోన్ని. సిస్ప్లాటిన్ తర్వాత ఆ సన్న చప్పుళ్లే పోయినయ్, పరీక్షల కూడా అదే తేలింది. ఇప్పుడు షాపుల పనిచేసే పిల్లగాన్ని మోటార్ దగ్గర కూసోబెట్టి స్విచ్ నేనేస్తున్న, వాడు స్క్రూడ్రైవర్ బాడీ మీద పెట్టి పిడి చెవికి ఆనించి "అన్నా, కీచుమంటుంది" అంటడు, నేను విప్పుత. తప్పు చెప్పింది ఇప్పటిదాకా ఒక్కసారే.

జనవరి 12న పోయొచ్చిన, బాగనే ఉందన్నరు. మళ్లా మార్చి 16. వరంగల్ ఆయనకు సంక్రాంతికి ఫోన్ చేసిన, వాళ్ల కొడుకు ఎత్తి నాయినకు ఇచ్చిండు, మాట సరిగ్గ అర్థం కాలే ఇద్దరిదీ, చాలాసేపు మాట్లాడుకున్నం.